సిటిజన్‌షిప్ వచ్చాక పాత ఇమిగ్రేషన్ ఫైళ్లు: ఏవి దాచాలి, ఏవి చించేయాలి

అమెరికాలో పదిహేను, ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఏ తెలుగు కుటుంబాన్ని అడిగినా ఇంట్లో ఒక లావుపాటి ఫైలు ఉందంటారు. విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20తో మొదలై హెచ్-1బీ ఉద్యోగ వీసా అప్రూవల్ నోటీసులు, గ్రీన్‌కార్డు (శాశ్వత నివాస కార్డు) కోసం కంపెనీ వేసిన లేబర్ సర్టిఫికేషన్, ఐ-140 పిటిషన్, మనం వేసిన ఐ-485 దరఖాస్తు రసీదులు, ఈఏడీ అనే పని అనుమతి కార్డులు, ప్రయాణ అనుమతి అయిన అడ్వాన్స్ పెరోల్... వీసా బతుకంతా అందులోనే ఉంటుంది. పౌరసత్వ ప్రమాణం (ఓత్) అయిపోయి నీలం రంగు అమెరికన్ పాస్‌పోర్టు చేతికొచ్చాక ఆ ఫైలు దగ్గర వాదన మొదలవుతుంది. ఇక దీంతో పనేముంది, పారేద్దాం అని ఒకరంటారు. ఒక్క కాగితం కూడా కదపొద్దని ఇంకొకరంటారు.

రెండు మాటల్లోనూ సగం నిజముంది. ప్రతి కాగితాన్నీ చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. ఇది పోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా? రేపు పిల్లలకో, అమ్మానాన్నలకో, తోబుట్టువులకో దీంతో పని పడుతుందా? రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. పౌరసత్వం వచ్చాక ఈ కాగితాలతో మన అవసరం తగ్గిపోతుంది, మనల్ని ఆధారం చేసుకున్నవాళ్ల అవసరం మాత్రం అప్పుడే మొదలవుతుంది. అందుకే ఈ ఫైలును ఇంటి ఆస్తి కాగితాలతో సమానంగా చూడాలన్నది నా అభిప్రాయం.

ఓత్ రోజు చేతులు మారేవి

ఓత్ సెరిమనీలో గ్రీన్‌కార్డు తీసేసుకుంటారు. కాబట్టి ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరక ముందే దాన్ని రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోవాలి. శాశ్వత నివాసం ఏ తేదీ నుంచి మొదలైంది, ఏ కేటగిరీలో వచ్చింది, ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే గుర్తింపు నంబరు) ఎంత అన్నవి ఆ కార్డు మీదే ఉంటాయి. ఆ తేదీతో, ఆ కేటగిరీతో ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది.

గ్రీన్‌కార్డు ఇచ్చేశాక చేతికొచ్చేది నాచురలైజేషన్ సర్టిఫికెట్, అంటే పౌరసత్వం వచ్చినట్టు ఇచ్చే పత్రం. దాన్ని ఒకసారి తీరిగ్గా చూడండి. ఫోటో, సంతకం, పుట్టిన తేదీ, ఎత్తు, పెళ్లయిందా లేదా, అంతకుముందు ఏ దేశ పౌరులు, ఏ-నంబరు, సర్టిఫికెట్ నంబరు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. అందులో ఒక్క అక్షరం తప్పున్నా ఆ రోజే, అక్కడే చెప్పాలి. ఇంటికొచ్చాక దిద్దించుకోవాలంటే కొత్త సర్టిఫికెట్ కోరే ఎన్-565 ఫారం వేసి నెలల తరబడి ఎదురుచూడాలి. పోగొట్టుకున్నా అదే ఫారం. 2024 ఏప్రిల్‌లో పెరిగిన ఫీజుల ప్రకారం దానికి 500 డాలర్లు దాటుతుంది.

చట్టబద్ధమైన అనుమతి లేకుండా కాపీ తీయడం నేరమని సర్టిఫికెట్ మీదున్న హెచ్చరిక చూసి చాలామంది జిరాక్స్ తీయడానికే భయపడతారు. ఆ నిషేధం దొంగ సర్టిఫికెట్లు సృష్టించేవాళ్ల కోసం పెట్టింది. పాస్‌పోర్టు దరఖాస్తు, ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ లాంటి సక్రమమైన పనులకు కాపీ తీసుకోవచ్చు. పాస్‌పోర్టు దరఖాస్తులోనైతే ఒరిజినల్‌తో పాటు కాపీ కూడా అడుగుతారు. లామినేషన్ మాత్రం చేయించొద్దు. అసలుదో నకలుదో తేల్చే భద్రతా గుర్తులను ఆ ప్లాస్టిక్ వెనక పరీక్షించడం కష్టమవుతుంది.

మొదటిసారి అమెరికన్ పాస్‌పోర్టుకు వేసేటప్పుడు ఈ ఒరిజినల్‌ను దరఖాస్తుతో పాటు ఇవ్వక తప్పదు. పాస్‌పోర్టు ఒక కవరులో, సర్టిఫికెట్ వేరే కవరులో వెనక్కి వస్తాయి. పాస్‌పోర్టు వచ్చిందన్న సంబరంలో రెండో కవరు సంగతి మరచిపోకూడదు. రాకపోతే ఆలస్యం చేయకుండా అడగాలి.

గవర్నమెంటు దగ్గర ఉంటుంది కదా?

పారేద్దాం అనేవాళ్ల వాదనకు బలమంతా ఈ ప్రశ్నే. నిజమే, ఉంటుంది. గ్రీన్‌కార్డుకు వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఏ-ఫైల్ అని ఒకటుంటుంది. ఈ పద్ధతి 1944 నుంచి నడుస్తోంది. వాటిని శాశ్వత రికార్డులుగా ఉంచి, మనిషి పుట్టి నూరేళ్లు నిండాక నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగిస్తారు. సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే మన ఏ-ఫైల్ కాపీ మనకిస్తారు. మామూలుగా దానికి డబ్బు కట్టనక్కర్లేదు. పౌరసత్వం వచ్చిన ఏడాదే ఈ పని చేసి పెట్టుకోవడం మంచిది. లాయరు మన తరఫున ఏం పంపాడో, ఇంటర్వ్యూలో ఆఫీసరు ఎర్ర ఇంకుతో ఏ జవాబు దిద్దాడో చాలామందికి అప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

అయితే ఆ ఫైలు గవర్నమెంటు తన అవసరం కోసం పెట్టుకున్నది. మన సౌకర్యం కోసం కాదు. కంపెనీలు వేసిన పిటిషన్లన్నీ అందులో ఉంటాయన్న భరోసా లేదు. ఇచ్చే కాపీలో కొన్ని పేజీలకు నల్లరంగు పూసి ఇస్తారు. ఎన్నాళ్లకు ఇస్తారన్నదీ మన చేతుల్లో ఉండదు.

గవర్నమెంటు దగ్గర ఉంటుందిలే అనుకుంటే ఏమవుతుందో బ్రిటన్‌లో లోకమంతా చూసింది. కరీబియన్ దీవుల నుంచి 1973కు ముందు చట్టబద్ధంగా వచ్చి స్థిరపడ్డవాళ్లకు అక్కడ ఉండే హక్కు పూర్తిగా ఉంది. చేతిలో రుజువు మాత్రం లేదు. వాళ్లు ఓడ దిగిన నాటి ల్యాండింగ్ కార్డులను హోం ఆఫీసు 2010లో ధ్వంసం చేసింది. తర్వాత వలస చట్టాలు బిగిశాక, ఎప్పటి నుంచి ఉంటున్నారో రుజువు చూపించమని అదే ప్రభుత్వం వాళ్లనే అడిగింది. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కొందరిని దేశం నుంచే పంపేశారు. విండ్‌రష్ వ్యవహారంగా పేరుపడిన ఈ అన్యాయం బయటపడి 2018 ఏప్రిల్‌లో హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. అమెరికా చట్టాలు వేరు, రికార్డులు ఉంచే తీరు వేరు. కానీ రుజువు చూపించే భారం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఆ ఉదంతం చెబుతోంది.

వచ్చిన పౌరసత్వం పోతుందా?

ఈ మధ్య ప్రతి తెలుగు వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతున్న ప్రశ్న ఇది. 2025 జూన్‌లో అమెరికా న్యాయశాఖ సివిల్ విభాగం తన ప్రాధాన్యాల్లో పౌరసత్వం రద్దు కేసులను చేర్చింది. అప్పటి నుంచి కంగారు పెరిగింది. చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే కంగారు కొంత తగ్గుతుంది. అర్హత లేకుండా పౌరసత్వం పొందినా, ముఖ్యమైన విషయాన్ని కావాలని దాచినా, అబద్ధం చెప్పినా ప్రభుత్వం సివిల్ కోర్టుకు వెళ్లి రద్దు కోరవచ్చు. దానికి కాలపరిమితి లేదు. ఇరవై ఏళ్ల తర్వాతైనా వేయవచ్చు. కానీ రద్దు చేయాల్సింది జడ్జి. రుజువు స్పష్టంగా, సందేహానికి తావులేకుండా ఉండాలని సుప్రీంకోర్టు ఎప్పటి నుంచో చెబుతోంది. క్రిమినల్ కేసుల విషయంలో 2017లో మస్లెన్యాక్ తీర్పు ఇంకో మాట కలిపింది. ఏదో ఒక చిన్న అబద్ధం చెప్పారని నిరూపిస్తే సరిపోదు, పౌరసత్వం రావడంలో ఆ అబద్ధం పాత్ర ఉండాలి.

కాబట్టి సూటిగా సాగిన కేసు ఉన్నవాళ్లు దీనికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. దాఖలు చేసిన ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) పూర్తి కాపీ, ఐ-485 పూర్తి కాపీ ఉంచుకుంటే చాలు. ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చామో మన దగ్గర రాతపూర్వకంగా ఉండాలి. పదేళ్ల తర్వాత తమ్ముడి కోసం ఇంకో ఫారం నింపుతూ వేరే తేదీ రాస్తే తేడా అక్కడే మొదలవుతుంది.

కేసులో ఎక్కడైనా ముడి పడి ఉంటే సంగతి వేరు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో వీసా మోసం ఆరోపణలున్న ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడులు జరిగినప్పుడు అందులో చేరినవాళ్లలో మన తెలుగు పిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నారు. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పరికరాలు కట్టడం అప్పట్లో మన పత్రికల్లో పతాక శీర్షిక అయింది. అలాంటి చోటు నుంచి బయటపడి, వేరే కాలేజీకి మారి, స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే హోదా) మళ్లీ తెచ్చుకుని ఇవాళ పౌరులైనవాళ్లు ఉంటే, ఆ కాలం నాటి ప్రతి ఐ-20, ప్రతి ఉత్తరం, ట్రాన్స్‌ఫర్ కాగితం, స్టేటస్ పునరుద్ధరణ ఆర్డరు దాచుకోవాల్సిందే. మామూలు విద్యార్థి ఐ-20లను స్కాన్ చేసి పక్కన పడేయవచ్చు. వీళ్లు ఆ పని చేయకూడదు.

కోర్టు కాగితాల విషయం ఇంకా ముఖ్యం. ఎప్పుడో తాగి కారు నడిపిన (డీయూఐ) కేసు అయి ఉండొచ్చు, ఇంట్లో గొడవకు పోలీసులు వచ్చి ఉండొచ్చు, దుకాణంలో జరిగిన చిన్న పొరపాటు కేసు దాకా వెళ్లి కొట్టేసి ఉండొచ్చు. ఆ కేసు ఎలా ముగిసిందో చెప్పే సర్టిఫైడ్ డిస్పొజిషన్ ఎప్పటికీ ఉంచుకోండి. చాలా కౌంటీ కోర్టులు చిన్న కేసుల రికార్డులను కొన్నేళ్లకు తీసేస్తాయి. అప్పుడు కేసు నమోదైనట్టు డేటాబేసులో కనిపిస్తుంది, కొట్టేసినట్టు చూపించే కాగితం మాత్రం ఎక్కడా దొరకదు.

పిల్లల ఫైలు మీ ఫైలు కంటే విలువైనది

మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చైల్డ్ సిటిజన్‌షిప్ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు గ్రీన్‌కార్డు మీద అమెరికాలో, పౌరసత్వం వచ్చిన తల్లి లేదా తండ్రి సంరక్షణలో ఉంటే, ఆ ఓత్‌తోనే వాళ్లకూ పౌరసత్వం వచ్చేస్తుంది. దరఖాస్తు లేదు, ఓత్ లేదు, సర్టిఫికెట్ లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పుట్టి, రెండో ఏట హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి, తర్వాత గ్రీన్‌కార్డు పొందిన పిల్లాడు ఒక మంగళవారం మధ్యాహ్నం స్కూల్లో కూర్చునే అమెరికన్ పౌరుడు అయిపోతాడు. ఆ సంగతి చెప్పే కాగితం మాత్రం ఏదీ పుట్టదు.

చాలామంది తల్లిదండ్రులు పిల్లలకు వెంటనే పాస్‌పోర్టు తీసుకుని ఊరుకుంటారు. పాస్‌పోర్టు బలమైన రుజువే, కాదనను. కానీ పాస్‌పోర్టు ఇచ్చేది విదేశాంగ శాఖ, ఇమిగ్రేషన్ రికార్డు ఉండేది యూఎస్‌సీఐఎస్ (పౌరసత్వ, వలస సేవల సంస్థ) దగ్గర. పాస్‌పోర్టు వచ్చినా ఇమిగ్రేషన్ రికార్డులో ఆ పిల్లాడు ఇంకా గ్రీన్‌కార్డుదారుగానే కనిపించవచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులు, ఓటరు జాబితాల వాళ్లు ఇమిగ్రేషన్ రికార్డుతో సరిచూసుకోవచ్చు. అప్పుడు పెద్దవాడైన ఆ పిల్లాడు, తన పద్దెనిమిదో పుట్టినరోజు లోపే ఈ షరతులన్నీ ఒకేసారి నెరవేరాయని చూపించాల్సి వస్తుంది.

చూపించడానికి కావలసినవి అమ్మానాన్నల నాచురలైజేషన్ సర్టిఫికెట్, పిల్లల గ్రీన్‌కార్డు, బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్, ఆ రోజుల్లో ఒకే ఇంట్లో ఉన్నట్టు తెలిపే స్కూలు రికార్డులు. విడాకులైన ఇంట్లోనైతే కస్టడీ ఆర్డరు కూడా కావాలి. ఓత్ లేదు కాబట్టి పిల్లల గ్రీన్‌కార్డును వెనక్కి తీసుకునే సందర్భం మామూలుగా రాదు. గడువు తీరిన ప్లాస్టిక్ ముక్కే కదా అని దాన్ని కత్తిరించి పారేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పిల్లాడి కథలో మొదటి రుజువు అదే. ఎన్-600 వేసి పిల్లల పేరుతో పౌరసత్వ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఫీజు 1,300 డాలర్లు దాటడంతో చాలామంది వెనకాడుతున్నారు. ఇద్దరు పిల్లలుంటే అది చిన్న మొత్తం కాదు. అయినా స్తోమత ఉన్నవాళ్లు ఈ ఖర్చుకు వెనకాడకూడదనే అంటాను.

ఓత్ నాటికే పద్దెనిమిది నిండిన పిల్లలకు ఇది వర్తించదు. వాళ్లు సొంతంగా ఎన్-400 వేసుకోవాలి.

అమ్మ సంతకం ఉన్న స్టాంపు కాగితం

మళ్లీ సంపాదించలేని కాగితం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది బర్త్ అఫిడవిట్. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, ఆ తర్వాత కూడా పల్లెల్లో, అమ్మమ్మగారి ఇళ్లలో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టర్లకు ఎక్కనివి ఎన్నో. అలాంటివాళ్లు గ్రీన్‌కార్డు దరఖాస్తులో పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో రికార్డు లభ్యం కాలేదన్న పత్రం, దానికి తోడు అమ్మానాన్నల అఫిడవిట్లు పెట్టారు. నాన్-జ్యుడీషియల్ స్టాంపు కాగితం మీద టైపు చేయించిన నాలుగు పేరాలు, ఫలానా తేదీన ఫలానా ఊళ్లో మాకు ఈ బిడ్డ పుట్టిందన్న వాక్యం, కింద వంకర టింకరగా అమ్మ సంతకం, పక్కన నోటరీ గుండ్రటి ముద్ర. ఆ రోజు ఫార్మాలిటీగా చేయించిన పని అది. ఇవాళ ఆ సంతకం పెట్టిన మనిషి ఉండకపోవచ్చు.

దాంతో మళ్లీ పనేమిటంటే, పౌరులయ్యాక మన వంతుగా వేసే పిటిషన్లు. అమ్మ కోసం ఐ-130 (దగ్గరి బంధువుల గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) వేయాలంటే మన బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరుండాలి. నాన్న కోసమైతే వాళ్ల పెళ్లి రుజువూ జత చేయాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోసం వేయాలంటే ఇద్దరికీ ఒకే తల్లో తండ్రో ఉన్నట్టు ఇద్దరి జనన పత్రాలూ చూపించాలి. తోబుట్టువుల ఎఫ్-4 క్యూలో ఇండియా వాళ్లకు 2025లో 2006 నాటి దరఖాస్తులకు వంతు వచ్చింది. అంటే ఇవాళ వేసిన పిటిషన్ తాలూకు ఐ-797 రసీదును ఇంకో ఇరవై ఏళ్లు భద్రంగా ఉంచాలన్నమాట. అందులోని ప్రయారిటీ డేటే, అంటే క్యూలో వంతు తేల్చే తేదీయే, తమ్ముడి ఆస్తి. అమ్మానాన్నలకు స్పాన్సర్ చేసి ఐ-864 (వాళ్ల పోషణకు ఇచ్చే హామీ పత్రం) మీద సంతకం పెట్టి ఉంటే దాని కాపీ కూడా దాచండి. వాళ్లు పౌరులయ్యేదాకానో, నలభై క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్కలోకి వచ్చేదాకానో, గ్రీన్‌కార్డు వదులుకుని శాశ్వతంగా వెళ్లిపోయేదాకానో, కాలం చేసేదాకానో ఆ బాధ్యత మనదే.

పేర్ల తంటా కూడా ఇక్కడే కలుస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. ఎక్కడో పొడి అక్షరం, ఇంకెక్కడో పూర్తి పేరు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వచ్చి, అది గ్రీన్‌కార్డు దాకా వెంటబడినవాళ్లున్నారు. వీళ్లలో కొందరు ఎన్-400తో పాటే పేరు మార్చుకున్నారు. ఆ పేరు మార్పు ఆర్డరు, పాత పేరున్న ఇండియన్ పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ ఒకే కవరులో ఉండాలి. గుంటూరు జిల్లాలో నాన్న పేరున ఉన్న పొలం మన పేరుకు మారాలన్నా, కరీంనగర్‌లో ఫ్లాటు అమ్మాలన్నా ఆ పేరూ ఈ పేరూ ఒకరివేనని చూపించేది ఆ మూడే.

రద్దయిన పాస్‌పోర్టు ముని మనవలకూ అక్కరకొస్తుంది

భారత పౌరసత్వ చట్టం 1955, సెక్షన్ 9 ప్రకారం స్వచ్ఛందంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది. ఇండియన్ పాస్‌పోర్టును సరెండర్ చేస్తే రద్దు ముద్ర వేసి, సరెండర్ సర్టిఫికెట్‌తో పాటు మనకే తిరిగిస్తారు. ఆ రెండూ కలిపే ఉంచాలి. ఓసీఐకి, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డుకు, అవి ఆధారం. ఓసీఐ మన తరంతో ఆగేది కాదు. భారత పౌరులుగా ఉన్నవాళ్ల పిల్లలకే కాక మనవలకు, ముని మనవలకు కూడా చట్టం ఆ అర్హత ఇచ్చింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టబోయే మనవరాలు ఎప్పుడో ఓసీఐ కోరితే, తాత భారతీయుడని చూపించేది ఈ మూల కత్తిరించిన పాస్‌పోర్టు పుస్తకమే. పాత బుక్‌లెట్లు రెండు మూడున్నా అన్నీ ఉంచండి, ఎక్కువ చోటు పట్టవు.

ఇక వేటిని వదిలేయొచ్చు

చాలానే ఉన్నాయి. వీసా అపాయింట్‌మెంట్ లెటర్లు, డీఎస్-160 వీసా దరఖాస్తు కన్ఫర్మేషన్ పేజీలు, గడువు తీరిన అడ్వాన్స్ పెరోల్‌లు, బయోమెట్రిక్స్ నోటీసులు, పే స్టబ్బులు, ఒకే పిటిషన్‌కు నాలుగేసి జిరాక్స్ సెట్లు. హెచ్-1బీ అప్రూవల్ నోటీసులను వరుసగా స్కాన్ చేసి పెట్టుకుంటే చాలు, కాగితాలు అక్కర్లేదు. ఐ-140 అప్రూవల్ ఒక్కటి మాత్రం నేనైతే కాగితంగానే ఉంచుతాను. డబ్ల్యూ-2లను (కంపెనీ ఏటా ఇచ్చే జీతం లెక్క) సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంట్‌తో ఏడాదికేడాది సరిచూసుకున్నాకే తీసేయండి. అక్కడ ఏదైనా సంవత్సరం సంపాదన తప్పుపడితే, సాధారణంగా ఆ సంవత్సరం ముగిసిన మూడేళ్ల మూడు నెలల పదిహేను రోజుల్లోపు దిద్దించుకోవాలి. కన్సల్టెన్సీలు మారుతూ పనిచేసినవాళ్లు, మూతపడిన కంపెనీల్లో చేసినవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. రేపు రాబోయే పెన్షన్ లెక్క దాని మీదే. సోషల్ సెక్యూరిటీ రికార్డులో పౌరులైనట్టు మారిందో లేదో చూసుకోవడం, మారకపోతే మార్పించుకోవడం కూడా మరవొద్దు. అది దానంతటదే మారుతుందని అనుకోకూడదు.

వదిలేయడమంటే రీసైక్లింగ్ డబ్బాలో వేయడం కాదు. ప్రతి పేజీ మీదా సోషల్ సెక్యూరిటీ నంబరో, ఏ-నంబరో, పుట్టిన తేదీయో ఉంటుంది. అడ్డంగా నిలువుగా ముక్కలు చేసే ష్రెడర్‌లోనే వేయాలి.

ఉంచేవాటిలో ఒరిజినల్స్ ఒక చోట, స్కాన్లు ఇంకో చోట ఉండాలి. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ల కింది అంతస్తులు నీట మునిగాయి. అలాంటి వరదలో కింది అరలో పెట్టిన ఫైళ్లే ముందు పోతాయి. నీళ్లకూ నిప్పుకూ తట్టుకునే చిన్న పెట్టె తెచ్చి మేడమీద గదిలో పెట్టండి. సర్టిఫికెట్లు, పిల్లల గ్రీన్‌కార్డులు, రద్దయిన పాస్‌పోర్టులు, అఫిడవిట్లు అందులో పెట్టండి. స్కాన్లను పాస్‌వర్డ్ ఉన్న క్లౌడ్ ఖాతాలో ఉంచి, ఇంట్లో ఇంకొకరికైనా ఆ పాస్‌వర్డ్ తెలిసేలా చూడండి. పిల్లలకు పద్దెనిమిది నిండాక వాళ్ల కవరు తెరిచి, ఏ కాగితం ఏమిటో, దేనికి పనికొస్తుందో పక్కన కూర్చుని చెప్పండి. వాళ్లు కాలేజీకి వెళ్లే ముందు వేసవి దానికి అనువైన సమయం.